శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నారా? పాలిష్ ఎప్పుడు అయిపోతుందో ముందు అడగండి

జ్యేష్ఠంలో ఆఖరి ముహూర్తానికి మధురవాడలో మా పిన్ని వాళ్ళు కొత్త ఫ్లాట్‌లో దిగారు. ముహూర్తం తెల్లవారుజామున. ముందు రోజు రాత్రి 11 దాకా వార్డ్‌రోబ్‌లకు పీయూ (పాలీయూరిథేన్) పాలిష్ చివరి కోటు కొడుతూనే ఉన్నారు. బయట వాన, తడిగాలి తగిలితే ఫినిష్ పాడవుతుందని మేస్త్రి కిటికీలన్నీ బిగించేశాడు. పాలిష్ పలచన చేసే థిన్నర్ మిగిలిన డబ్బా, సగమే మూత పెట్టి, వంటింటి గట్టు కింద తోసేశారు. పొద్దున్నే పిన్ని పాలు పొంగించడానికి పొయ్యి వెలిగించగానే నేల మీద నుంచి నీలం మంట భగ్గున లేచి గట్టు కిందకి పాకింది. చీర కుచ్చిళ్ళు అంటుకున్నాయి. బాబాయి జంపఖానా చుట్టి ఆర్పారు కాబట్టి సరిపోయింది, కానీ రెండు కాళ్ళకీ మడమల దాకా కాలింది, ఇప్పటికీ కట్లు మారుస్తున్నారు. పసుపు కొమ్ము కట్టిన పాలగిన్నె మాత్రం పొయ్యి మీద అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఆషాఢం. వైజాగ్‌లో ఏ కొత్త అపార్ట్‌మెంట్‌కి వెళ్ళినా శ్రావణం ముహూర్తాలకి అందించాలని రాత్రీ పగలూ పని నడుస్తోంది, అందుకే రాస్తున్నాను.

ముందుగా అసలు తప్పు గురించి. ముహూర్తం దగ్గర పెట్టుకుని చివరి కోటు కొట్టించడం, అదీ కిటికీలు మూసి. చేత్తో ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, కానీ పీయూ పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా పడుతుంది, అన్నాళ్ళూ థిన్నర్ వాసన కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, పైకి పోదు, నేల మీదే పేరుకుని తలుపు సందుల్లోంచి పక్క గదిలోకి జారుతుంది. అక్కడ పొయ్యో దీపమో హోమగుండమో ఉంటే చాలు. చివరి కోటుకీ ముహూర్తానికీ మధ్య కనీసం 10 రోజులు పెట్టుకోండి. మేస్త్రి 3 రోజులు చాలంటాడు, వినొద్దు.

మరి మేస్త్రి కిటికీలు ఎందుకు మూస్తాడంటే, అతని భయం అబద్ధం కాదు. వానాకాలం మన సముద్రపు గాలిలో మెలమైన్ గానీ ఎన్‌సీ లాకర్ గానీ (ఇవీ చెక్క పాలిష్‌లే) కొడితే పైన పాలపొరలా తెల్లబడుతుంది, పీయూ అయితే అది గట్టిపడటానికి కలిపే హార్డెనర్ తేమతో కలిసి చిన్న చిన్న బుడగలు లేస్తాయి. దానికి మందు కిటికీలు మూయడం కాదు, వాన పడే రోజు కోటు ఆపేయడం. లేదా వార్డ్‌రోబ్ తలుపులకు (షట్టర్లకు) షాపులోనే కొట్టించి, బాగా ఆరాక తెచ్చి బిగించుకోవడం. మెరుపు లేని మ్యాట్ పీయూ ఇప్పుడు అందరూ అడుగుతున్నారు, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ రోజులు తక్కువున్నప్పుడు ఇంట్లో స్ప్రే కొట్టించే బదులు లామినేటో అక్రిలిక్ షట్టరో మేలు. అయితే వాటిని సైట్లో అంటించే పసుపు రబ్బరు గమ్ కూడా మంటకి అంటుకునేదే, అది గుర్తుంచుకోండి. తెల్ల గమ్‌తో ఆ బెడద లేదు.

ఊపిరి సంగతి. పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే కొట్టేటప్పుడు పీల్చిన వాళ్ళలో కొందరికి ఆస్తమా పట్టుకుంటుంది, ఒకసారి అలా అయ్యాక కొంచెం తగిలినా ఆయాసమే. గుడ్డ మాస్క్ దీనికి పనికిరాదు, కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి. పని వాళ్ళకి అది మీరే కొనివ్వండి.

చెక్క గురించి ఒక్క మాట: వంటింటికీ, సముద్రం వైపు గోడలకీ ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్డే తీసుకోండి. హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు, 2014 అక్టోబర్ 12న, మా ఇంట్లో కిటికీ సందుల్లోంచి నీళ్ళు కొట్టి కింద ఉన్న ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన బోర్డు) టీవీ యూనిట్ తడిసిన రొట్టెలా ఉబ్బిపోయింది.

ఇంకా,

పూజ యూనిట్ వెనక ఇప్పుడు పీవీసీ ఫ్లూటెడ్ (గాళ్ళున్న ప్లాస్టిక్) ప్యానెళ్ళు, సీఎన్‌సీ మెషీన్‌తో కోసిన జాలీలు పెడుతున్నారు. దీపం దగ్గర అవి వద్దు, రాయి పలక పెట్టించండి.

పాలిష్ జరిగే ఇంట్లో పని వాళ్ళని పడుకోనివ్వకండి. దోమల కాయిల్ వెలిగిస్తారు, బీడీ కాలుస్తారు, వాళ్ళని అనడానికి లేదు, వేరే చోటు చూపించాల్సింది మనమే.

ఏసీ వేస్తే వాసన పోదు. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది.

నూనె పాలిష్ తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడేయొద్దు. లిన్‌సీడ్ ఆయిల్ గుడ్డలు అగ్గిపుల్ల లేకుండా వాటంతట అవే రాజుకుంటాయి. నీళ్ళలో నానబెట్టండి.

థిన్నర్ డబ్బా వంటింట్లో ఉండకూడదు. మెట్ల కింద కూడా.

వాసన ఘాటుగా ఉంటే స్విచ్ వేయొద్దు, తీయొద్దు. కిటికీలు తెరిచి బయటికి వచ్చేయండి.

థిన్నర్ మంట మీద నీళ్ళు పోయొద్దు, మంట ఇంకా పరుచుకుంటుంది. ఇసుక బకెట్ పెట్టుకోండి. 101కి ఫోన్ చేయండి.

కడుపుతో ఉన్న వాళ్ళని, పసిపిల్లల్ని పని చూపించడానికి తీసుకెళ్ళొద్దు.

మళ్ళీ చెప్తున్నా, కిటికీలు మూసి కోటు కొట్టనివ్వకండి. ముహూర్తం ముందు రోజు అసలే వద్దు. "ఒక్క కోటేనండీ, రాత్రికి అయిపోతుంది" అని మేస్త్రి అంటే అక్కడికక్కడే ఆపించండి. సగం పాలిష్ ఉన్న వార్డ్‌రోబ్ చూసి చుట్టాలు ఏమనుకున్నా పరవాలేదు, పాలు పొంగించుకుని పాత ఇంటికి తిరిగొచ్చి, ఆ మిగిలిన కోటు సామాను దించకముందు నిదానంగా వేయించుకోండి.