మడత చాకుకు తుమ్మ పిడి

అనంతపురం దగ్గర మా చీనీ తోటలో నాన్న వాడే మడత చాకుకు ప్లాస్టిక్ పిడి ఎండకు పెళుసెక్కి ఒకవైపు ఊడిపోయింది. ఎర్రచందనం పెట్టమన్నాడు బావమరిది. పిడి ముక్క కోసం జైలుకెళ్లే ఓపిక నాకు లేదు. విరిగి మూలపడిన నాగలి మేడి తుమ్మదే, దాన్నే 4 మిల్లీమీటర్ల పలకలుగా కోయించాను.

మొదటి జత నిలువునా చీలింది. తప్పు నాదే. రంధ్రాలు రివెట్టు మందానికే చేసి, సుత్తితో బలంగా దిగ్గొట్టాను. రెండోసారి పాత పిడిని అచ్చుగా పెట్టి, పలకలు రెండూ కలిపి బిగించి, రివెట్టుగా వేసే 3 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీకి 3.2 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టు వాడాను.

ఎపాక్సీ జిగురుతో అతికించి పడుకుంటే తెల్లారేసరికి చాకు తెరుచుకోలేదు! జిగురు కీలులోకి కారింది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే మెత్తబడింది, ఊడదీసి గీకాను. ఈసారి కీలు చుట్టూ కొవ్వొత్తి మైనం రుద్ది అతికించాను. జిగురు అక్కడ పట్టలేదు. ఆ తరువాతే ఇత్తడి కొసలను చిన్న దెబ్బలతో అణిచాను.

120, 240, 400 నంబర్ల ఉప్పు కాగితాలు, పైన రెండు పూతల అవిసె నూనె. నూనె తగలగానే చెక్కలోని ఎరుపు పైకి తేలింది. నాన్న చాకును అటూ ఇటూ తిప్పి, "తడి చేతికి జారదు కదా?" అని మాత్రం అడిగారు.