చిన్న టియర్‌డ్రాప్ ట్రైలర్‌లో గాలి ఆడేలా చేయడం

అమెరికాలో చాలామంది ఇంటి దగ్గరే ప్లైవుడ్‌తో తయారుచేసుకునే టియర్‌డ్రాప్ ట్రైలర్ (కారు వెనుక తగిలించి లాక్కెళ్లే, కన్నీటి బొట్టు ఆకారపు చిన్న పడక బండి) సాధారణంగా 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉంటుంది. అంత ఇరుకైన చోట ఇద్దరు పడుకుంటే, వారి ఊపిరి, చెమటల నుంచి వెలువడే తేమ తెల్లవారేసరికి అర లీటరు దాటవచ్చు. ఆ తేమ చల్లని గోడలపై నీటి బొట్లుగా పేరుకొని, పరుపు కింద బూజు పట్టిస్తుంది. అందుకే పరుపును నేరుగా నేలపై వేయకుండా చెక్కపట్టీలపై వేయాలి.

పైకప్పులో వాసాల మధ్య 14 అంగుళాల చదరపు రంధ్రం కోసి, 12 వోల్టుల ఫ్యాన్ ఉన్న మూతను బ్యూటైల్ టేపుతో (జిగురుగా ఉండే రబ్బరు పట్టీతో), వాన నీరు చుక్క కూడా దిగకుండా బిగించాలి. అయితే గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే ఎంత మంచి ఫ్యాన్ అయినా వృథాగా తిరుగుతుంది. కాబట్టి ఫ్యాన్‌కు దూరంగా, కాళ్ల వైపు కింద, దోమతెర బిగించిన మరో రంధ్రం తప్పక ఉంచాలి. ప్రయాణంలో దుమ్ము చొరబడకుండా దానికి మూత కూడా ఉండాలి.

పని పూర్తయ్యాక తలుపులు మూసి, ఫ్యాన్ వేసి, కింది రంధ్రం దగ్గర అగరుబత్తి వెలిగించి చూడండి. పొగ లోపలికి వంగి, పరుపు మీదుగా సాగి, ఫ్యాన్ వైపు లేస్తే అమరిక సరిగ్గా ఉన్నట్టే.

ఎన్ని రంధ్రాలున్నా లోపల గ్యాస్ పొయ్యి మాత్రం వెలిగించకూడదు. పొయ్యి మంట నుంచి వెలువడే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. దాన్ని పసిగట్టే అలారం తల దగ్గర తప్పనిసరిగా అమర్చుకోవాలి.