మెలటోనిన్‌లో ముంచినా మామిడి త్వరగా పండిపోతోందా?

సమస్య: కాయలు ఆలస్యంగా పండాలని, కోసిన బంగినపల్లి కాయల్ని మెలటోనిన్ (నిద్రకు సంబంధించిన హార్మోన్) కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టారు. అయినా ముంచని వాటితో పాటే ఇవీ పసుపెక్కి మెత్తబడ్డాయి. మందు పనిచేయలేదని రాసుకుని వదిలేశారు.

ఆగండి. ముంచే ముందు కాయల్ని మామూలు నీళ్ల తొట్టిలో వేసి చూశారా? మునిగేది ముదురు కాయ, తేలేది లేత కాయ. పది నిమిషాల పని ఇది. ప్రతి వేసవిలోనూ ప్రయోగాలు చేసే పిల్లలు దీన్నే దాటేస్తారు. లేతా ముదురూ కలిసిన ట్రేలో ఒక కాయ నాలుగో రోజుకే పండుతుంది, పక్కది ముడతలు పడి పుల్లగా మిగులుతుంది. ఆ లెక్కల్లో మెలటోనిన్ ప్రభావం ఎంత వెతికినా దొరకదు.

తర్వాత మోతాదు చూడండి. మెలటోనిన్ 100 మైక్రోమోలార్ (ద్రావణం గాఢతకు ఒక కొలత) అంటే లీటరుకు 23.2 మిల్లీగ్రాములు. 100 పీపీఎం అంటే లీటరుకు 100 మిల్లీగ్రాములు. రెంటినీ ఒకటే అనుకుంటే నాలుగు రెట్లు తేడా వస్తుంది. పొడి నీళ్లలో తేలిగ్గా కరగదు. ముందు కొద్దిగా ఇథనాల్‌లో కరిగించి, ఆ తర్వాతే నీళ్లలో కలపండి. పోల్చి చూడటానికి ఉంచిన, మెలటోనిన్ తగలని కాయల్ని కూడా అంతే ఇథనాల్ కలిపిన నీళ్లలో ముంచాలి (ఇకపై 'ముంచనివి' అంటే ఇవే). సీసాకు వెలుతురు తగలనివ్వకండి. మందుల షాపులో దొరికే మెలటోనిన్ నిద్ర మాత్రలు నూరి వాడొద్దు, వాటిలో ఉండేది చాలావరకు పూరక పదార్థమే.

ఇవన్నీ సరిగ్గా చేసి కూడా నేను రెండు సీజన్లు దెబ్బతిన్నాను. మొదటి ఏడాది ముంచినవీ ముంచనివీ ఒకే గదిలో పక్కపక్కన పెట్టాను. ముంచనివి ముందు రంగు తిరిగాయి, వాటి నుంచి వచ్చిన ఇథిలీన్ (కాయల్ని పండించే వాయువు) మిగతా వాటినీ పండించేసింది. రెండో ఏడాది గది మార్చాను. తలుపు వేసి, చల్లగా ఉంచి, రోజూ రంగు రాసుకున్నాను. ఐదో రోజు పొద్దున తలుపు తీయగానే మగ్గిన అరటి వాసన గుప్పుమంది. నా గదిలో అరటి లేదు. తలెత్తి చూస్తే గోడకీ పైరేకులకీ మధ్య జానెడు సందు. పక్క గదిలో ఎవరో గెలలు మాగబెట్టారు.

ఇథిలీన్ అంత తక్కువలో పనిచేస్తుంది. గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు కన్నా తక్కువున్నా మామిడికి చాలు. ముచ్చిక దగ్గర పచ్చదనం తగ్గడం మొదలైందంటే ఇక వెనక్కి తీసుకురాలేం. మెలటోనిన్ చేసేది కాయ తనలో తాను ఇథిలీన్ తయారు చేసుకోవడాన్ని తగ్గించడం. బయటి నుంచి వచ్చే వాయువుకు అది అడ్డుపడదు. ఆ తలుపు మూసేది 1-ఎంసీపీ, అంటే కాయ ఇథిలీన్‌కు స్పందించకుండా ఆపే వాయువు. దీన్నీ మెలటోనిన్‌నూ ఒకటే అనుకోకండి.

పరిష్కారం: ముంచినవీ ముంచనివీ వేర్వేరు గదుల్లో పెట్టండి, రెండింట్లోనూ ఒకే ఉష్ణోగ్రత ఉండేలా చూడండి. పైకప్పు సందులు వెతికి మూయండి, గాలి మాత్రం బయటి నుంచి రోజూ ఆడాలి. ఇథిలీన్‌ను తొలగించే పర్మాంగనేట్ పొట్లాలు రెండు గదుల్లోనూ సమంగా వేయండి. రంగు తిరిగిన కాయను అదే రోజు బయటికి తీసేయండి. అదే కోతలో ముంచని మూడు కాయల్ని ఇంకో ఇంట్లో, ఏ పండూ లేని చోట ఉంచండి. అక్కడి వాటి కన్నా మీ గదిలోని ముంచని కాయలు ముందు పండితే, రెండు చోట్లా వేడి ఒకటే అయినప్పుడు, గదిలో వాయువు చేరుతున్నట్టే. నేను మూడో ఏడాది ఇలాగే చేశాను, ముంచినవి నాలుగు రోజులు వెనకబడ్డాయి.

టమాటాతో చేస్తున్నవారు మామిడి ఫలితాన్ని ఆశించకండి. 2015లో చైనా పరిశోధకులు 50 మైక్రోమోలార్ ద్రావణంలో ముంచిన టమాటాలు త్వరగా పండినట్టు చూపారు. అక్కడ దిశే వేరు.

నల్లమచ్చలు వస్తే అది చాలావరకు ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్ర తెగులు. అందుకు మెలటోనిన్‌ను నమ్ముకోవద్దు, 52 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు ముంచడం పాత పద్ధతి. తొక్క బూడిద రంగుకు మారితే గది 12 డిగ్రీల కన్నా చల్లబడిందేమో చూడండి. లోపల స్పంజిలా ఉంటే అది తోటలో పుట్టిన లోపం, ముంచితే పోదు. మెలటోనిన్ పనిచేయకపోవడానికి పాతబడిన పొడి కారణం కావడం అరుదు.

ముంచిన కాయల్ని సంతకు పంపకండి.