ఎండాకాలం గేదె ఎదకు రాకుంటే: సూది వేయించే ముందు చూడాల్సినవి

గేదె పొద్దు తగ్గే కాలంలో చూడి కట్టే పశువు. రాత్రి నిడివి పెరిగితే మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్‌ను ఎక్కువసేపు వదులుతుంది, అండాశయాలు చురుకవుతాయి. ఎండలు ముదిరితే లెక్క తిరగబడుతుంది. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, ఒంట్లో వేడి తగ్గించుకోవడానికి థైరాయిడ్ మందగిస్తుంది, అండం విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోన్ తగ్గుతుంది. అయితే విజయవాడ పక్కన అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా సుమారు రెండు గంటలే. కాబట్టి మన దగ్గర వెలుతురు కన్నా వడగాడ్పు, పచ్చిమేత కొరతే ఎక్కువ దెబ్బ తీస్తాయి. ఆ రెండూ రైతు చేతిలో ఉన్నవే.

గేదెకు చెమట గ్రంథులు తక్కువ, పైగా నల్ల తోలు. ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు నీడలో ఉంచి, మూడు నాలుగు సార్లు ఒళ్లంతా తడపాలి. చెరువు ఉంటే దింపడం ఇంకా మేలు. తడిపాక గాలి ఆడకపోతే షెడ్డులో ఉక్క పెరిగి చేసిన పని దండగ. దాణా తెల్లవారుజామున, పొద్దుగూకాక పెట్టాలి. అందులో రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు కలపాలి. వట్టి వరిగడ్డి మీద ఉన్న గేదెను ఏ ఇంజెక్షనూ గట్టెక్కించదు.

ఎదకు రాలేదనుకున్న గేదెల్లో చాలావాటిది మూగ ఎద. అరవదు, తోటి గేదెల మీదికి ఎక్కదు. రాత్రి 10 ప్రాంతంలో ఒకసారి, తెల్లవారుజామున 4, 5 గంటల మధ్య మరోసారి టార్చి వేసి చూడాలి. మానం ఉబ్బి ముడతలు పోతాయి, లోపల ఎర్రబడుతుంది, మాటిమాటికీ మూత్రం పోస్తుంది, పాలు సరిగా చేపదు. జిగురు తీగలు ఆవుకు వేలాడినట్టు వేలాడవు. పడుకుని లేచిన చోట నేల మీద జిగురు కనిపిస్తుందేమో చూడండి. ఉదయం గుర్తిస్తే సాయంత్రం, సాయంత్రం గుర్తిస్తే మర్నాడు ఉదయం చూడి కట్టే సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలి. మర్నాటికీ లక్షణాలు తగ్గకపోతే ఇంకోసారి వేయించవచ్చు.

ఇంత చూసినా ఫలితం లేకుంటే పశువైద్యుడి చేత మొదట చూడి పరీక్ష చేయించాలి. దీన్ని దాటేస్తే వచ్చే నష్టం పెద్దది, ఎందుకంటే చూడి గేదెకు ప్రోస్టాగ్లాండిన్ (ఎద తెప్పించే హార్మోన్ ఇంజెక్షన్) ఇస్తే ఈసుకుపోతుంది, అంటే గర్భం పోతుంది. చూడి లేదని తేలాక అండాశయం మీద కార్పస్ లూటియం (అండం విడుదలైన చోట ఏర్పడే గడ్డ) డాక్టరు చేతికి తగిలితే అది మూగ ఎద. ప్రోస్టాగ్లాండిన్ పనిచేస్తుంది, 2 నుంచి 5 రోజుల్లో ఎద వస్తుంది. తగలకపోతే 10, 11 రోజులు ఆగి మళ్లీ చూడాలి. అప్పుడూ లేకుంటే అండాశయం నిజంగానే నిద్రపోతున్నట్టు. అక్కడ ప్రోస్టాగ్లాండిన్ ఖర్చు వృథా, యోనిలో పెట్టే ప్రొజెస్టరాన్ హార్మోన్ పరికరం గురించి డాక్టరుతో మాట్లాడాలి. గేదె బక్కగా ఉంటే ముందు మేతే సరిచేయాలి.

గేదె చూడికాలం సుమారు 310 రోజులు. అక్టోబరు 15న కడితే ఆగస్టు 21 ప్రాంతంలో ఈనుతుంది, చలికాలంలో మళ్లీ కట్టడానికి తయారుగా ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలో ఈనినవాటికి రెండు నెలలు నిండి మళ్లీ కట్టాల్సిన వేళకు నడి వేసవి. షెడ్డులో ఒక్క ఫ్యానే ఉంటే దాన్ని వాటి వైపు తిప్పండి.