మందు పని చేయలేదంటే ముందు ఎక్కడ చూడాలి? మెడికల్ షాపులో సమస్య - పరిష్కారం

మందు పని చేయలేదని ఎవరన్నా తిరిగొస్తే కౌంటర్ వెనక మొదట వినపడే మాట ‘కంపెనీ మాల్ బాగాలేదు’. బ్యాచ్ మీదికి తోసేముందు మన ఫ్రిజ్, మన ర్యాక్, మనం కవర్ మీద రాసిచ్చింది చూసుకోవాలి. నల్లగొండ, పాలమూరు ఎండలకు తేడా చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

‘ఇన్సులిన్ వేసుకుంటున్నా షుగర్ దిగుతలేదు’

వయల్‌ను, అంటే ఇన్సులిన్ సీసాను, వెలుతురుకు పట్టి చూడండి. రెగ్యులర్ ఇన్సులిన్ రంగు లేకుండా తేటగా ఉండాలి. రెండు రకాల ఇన్సులిన్ కలిపిన 30/70 రకాన్ని అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తే అంతా ఒకే తీరుగా తెల్లగా కలవాలి. అప్పటికీ పలుకులు తేలుతుంటే, గాజుకు తెల్లటి పొర అంటుకుంటే, అది గడ్డకట్టి కరిగిందన్నా అనుకోవాలి, వేడి తగిలిందన్నా అనుకోవాలి. మళ్లీ చల్లబెడితే బాగుపడదు, అమ్మొద్దు. చూపుకు బాగున్న వయల్ కూడా శక్తి కోల్పోయి ఉండొచ్చు, అందుకే ఫ్రిజ్ సంగతి తేల్చాలి.

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్‌కు ఆనుకున్న చోట, వెనక గోడ దగ్గర మందు గడ్డకడుతుంది. తలుపు అరల్లో వేడెక్కుతుంది. వీటన్నిటికన్నా చెడ్డ అలవాటు, రాత్రి షట్టర్ దించేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేసి పోవడం. పొద్దున తెరిచిన కాసేపటికి ఫ్రిజ్ మళ్లీ చల్లబడుతుంది, రాత్రి ఏమైందో ఎవరికీ తెలియదు.

ఫ్రిజ్‌కు వేరే లైను వేయించి ఆ స్విచ్‌కు టేపు అంటించండి. కనిష్ఠం, గరిష్ఠం రెండూ చూపే డిజిటల్ థర్మామీటర్ కొనండి. దాని వైరు కొసను చిన్న నీళ్ల సీసాలో ముంచి మధ్య అరలో పెట్టాలి. గాలిలో వదిలేస్తే తలుపు తీసినప్పుడల్లా అంకె ఎగురుతుంది, మందు అసలు వేడి తెలియదు. తెరవగానే, మూసేముందు రెండంకెలూ రాసి రీసెట్ చేయండి. అవి 2 నుంచి 8 డిగ్రీల లోపు ఉండాలి. ఖాళీ అరల్లో నీళ్ల సీసాలు నింపితే కరెంటు పోయినా చల్లదనం ఇంకొంతసేపు ఆగుతుంది. టిఫిన్ డబ్బాలకు ఆ ఫ్రిజ్‌లో చోటు లేదు.

ఫ్రిజ్ సరిగానే ఉంటే సిరంజి అడగండి. మి.లీ.కు 40 యూనిట్లుండే వయల్‌కు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లుండే దానికి నారింజ మూతది. 40 వయల్ నుంచి నారింజ సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. తిరగేస్తే ఇంకా ప్రమాదం: 100 వయల్, ఎర్ర సిరంజి, 20 గీత అంటే 50 యూనిట్లు. మనిషి పడిపోతాడు. వయల్, సిరంజి పక్కపక్కన పెట్టి చూడకుండా బిల్లు కొట్టొద్దు.

మే నెలలో బస్సులో దేవరకొండ దాకా పోయేవాళ్లకు ఐస్‌ప్యాక్‌ను కాగితంలో చుట్టి ఇవ్వండి, వయల్ నేరుగా ఐస్‌కు తగలకూడదు. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే నీడన పెట్టిన తడి మట్టికుండలో, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకోమనండి. తెరిచిన వయల్ చాలా రకాలకు 28 రోజులే, తెరిచిన తేదీ సీసా మీద రాయించండి.

క్యాప్సూల్స్ అంటుకుంటున్నాయి, ఆస్పిరిన్ పుల్లటి వాసన కొడుతోంది

వేడి, తేమ. ఆస్పిరిన్ విడిపోతే వెనిగర్ వాసన వస్తుంది, ఇక ఆ షీటు పనికిరాదు. రేకుల కప్పు కింద పై ర్యాకే అన్నిటికన్నా వేడి, థర్మామీటర్ అక్కడే కట్టండి. చాలా మందుల పెట్టెల మీద 30 డిగ్రీలు దాటొద్దని ఉంటుంది, ఎండాకాలం ఏసీ లేకుండా అది కుదరదు. పడమటి ఎండ తగిలే ర్యాక్ ఖాళీ చేసి దూది, బ్యాండేజీలు సర్దండి.

ఒకటి అడిగితే ఇంకొకటి పోయింది

ఒకే కంపెనీ, ఒకే రంగు షీటు, ఒకటి 1 మిల్లీగ్రాము, ఇంకోటి 2. పక్కపక్కన పెట్టడమే తప్పు. ర్యాక్ నుంచి తీసేటప్పుడు, డాక్టరు చీటీతో పోల్చేటప్పుడు, చేతికిచ్చేటప్పుడు పేరు, మోతాదు చదవాలి. కీళ్లవాతానికి రాసే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. ‘సోమవారం మాత్రమే’ అని తెలుగులో కవర్ మీద రాయండి, నాలుగు వారాలకు మించి ఇవ్వొద్దు.

పిల్లల పారాసిటమాల్‌లోనూ ఇదే గొడవ. సిరప్ 5 మి.లీ.లో 120 లేదా 250 మిల్లీగ్రాములు, డ్రాప్స్ ఒక్క మి.లీ.లోనే 100. పది కిలోల బిడ్డకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 150 చాలు, అంటే డ్రాప్స్ 1.5 మి.లీ. సిరప్ అనుకుని డ్రాప్స్‌నే చెంచాతో 5 మి.లీ. పోస్తే 500 అవుతుంది.

హెచ్1 రిజిస్టర్, స్టాకు కలవడం లేదు

హెచ్1 అంటే కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందుల వంటి, ప్రతి అమ్మకం విడిగా రాయాల్సిన మందుల జాబితా. సాయంత్రం రద్దీలో ‘తర్వాత రాద్దాం’ అనుకున్నవే మిగిలిపోతాయి. డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారో బిల్లుతో పాటే రాయాలి. రిజిస్టర్ మూడేళ్లు దాచాలి.

కత్తిరించిన షీటుకు ఎక్స్‌పైరీ లేదు

బ్యాచ్, తేదీ ఉన్న కొస మిగిలేలా రెండోవైపు నుంచి కత్తిరించండి. పెట్టె మీద నెల మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు దాకా చెల్లుతుంది. దాటినవి ‘అమ్మకానికి కాదు’ అని రాసిన పెట్టెలోకి, అదే రోజు.

ఇవన్నీ చూశాక కూడా మందు మీదే అనుమానం ఉంటే మిగిలిన ఆ బ్యాచ్ అమ్మకం ఆపి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పండి. మందు పడక దద్దుర్లు, వాపు వంటివి వస్తే రోగిని డాక్టరు దగ్గరికి పంపి, మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ నంబరు 1800-180-3024కు ఫోన్ చేయొచ్చు. వాడిన షీటు, బిల్లు పారేయొద్దని కస్టమర్‌కు చెప్పండి, అవతలివాళ్లు మొదట అడిగేది బ్యాచ్ నంబరే.