జర్మనీలో నర్సుగా గుర్తింపు: దరఖాస్తు ఎలా పెట్టాలి?

మన బీఎస్సీ నర్సింగ్, జీఎన్‌ఎం సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్లి జర్మనీ ఆసుపత్రిలో నేరుగా నర్సుగా చేరడం కుదరదు. ముందు అక్కడి ప్రభుత్వ గుర్తింపు రావాలి. దాన్ని వాళ్లు ‘అనెర్కెన్నుంగ్’ అంటారు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో చదివిన జనరల్ నర్సులకు 2005 నాటి ఈయూ డైరెక్టివ్ (సభ్య దేశాలన్నీ పాటించాల్సిన నిబంధన) వల్ల ఇది చాలావరకు ఆటోమేటిక్‌గా వస్తుంది. మన దగ్గర చదివినవాళ్ల సిలబస్‌ను మాత్రం జర్మన్ కోర్సుతో పోల్చి చూస్తారు.

గుర్తింపు ఇచ్చేది బెర్లిన్‌లోని కేంద్ర ప్రభుత్వం కాదు. జర్మనీలో 16 రాష్ట్రాలున్నాయి. మీరు పనిచేయబోయే రాష్ట్రంలోని కార్యాలయానికే దరఖాస్తు పెట్టాలి. ఉద్యోగం ఇంకా కుదరకపోతే బాన్‌లోని జెడ్‌ఎస్‌బీఏ అనే సలహా కేంద్రాన్ని అడగండి. ఫీజు తీసుకోరు. తెలంగాణవాళ్లు విదేశీ ఉద్యోగాల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన టామ్‌కామ్ సంస్థలో కూడా విచారించవచ్చు.

పాస్‌పోర్టు, సీవీ, డిగ్రీ లేదా డిప్లొమా, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, పోలీస్ క్లియరెన్స్, ఆరోగ్య ధ్రువపత్రం: ఇవి తెచ్చుకోవడం పెద్ద పని కాదు. అసలు కష్టం గంటల లెక్కతోనే. మార్కుల మెమో ఒక్కటే సరిపోదు. ఏ సబ్జెక్టులో ఎన్ని గంటలు థియరీ, ఏ వార్డులో ఎన్ని గంటలు ప్రాక్టికల్ చేశారో కాలేజీ లేదా యూనివర్సిటీ సంతకం, ముద్రతో రాసివ్వాలి. కాగితం మీద లేని గంటలు మీరు చేయనట్టే! అందుకే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు కాలేజీకి వెళ్లండి. అనుభవ పత్రంలోనూ ‘స్టాఫ్ నర్సుగా పనిచేశారు’ అని ఒక్క ముక్క రాయించుకుని వచ్చేయకండి. ఐసీయూనా, పిల్లల వార్డా, ఏ పనులు చేశారు, ఎంతకాలం అన్నది ఉండాలి. చదువులో తగ్గినదాన్ని ఆ అనుభవం పూడ్చగలదు. జర్మన్‌లోకి అనువాదం ఎవరితో చేయించాలో, ఏ ధ్రువీకరణ కావాలో కార్యాలయాన్ని అడిగాకే డబ్బు ఖర్చు పెట్టండి.

దరఖాస్తు అందాక ఏ కాగితం తక్కువైందో కార్యాలయం మీకు నెలలోపు చెప్పాలి. అన్నీ అందాక నిర్ణయానికి మామూలుగా 3, 4 నెలలు. ఉద్యోగం ఇచ్చే ఆసుపత్రి మీ తరఫున 411 యూరోలు కట్టి వేగవంతమైన పద్ధతిలో పెడితే ఈ గడువు 2 నెలలకు తగ్గుతుంది.

చాలామందికి చేతికొచ్చేది ‘డెఫిట్సిట్‌బెషైడ్’, అంటే ఏమేం తక్కువయ్యాయో చెప్పే లేఖ. అది చూసి టెన్షన్ పడి ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. అది తిరస్కరణ కాదమ్మా! ఆ లేఖతోనే వీసాకు వెళ్లవచ్చు. జర్మనీ చేరాక అసిస్టెంట్‌గా పనిచేస్తూ, తక్కువైనదాన్ని పూడ్చే శిక్షణ పూర్తి చేయడమో పరీక్ష రాయడమో మీరే ఎంచుకోవచ్చు. పరీక్షలో మౌఖికం, ప్రాక్టికల్ రెండూ ఉంటాయి. ఫెయిలైతే ఇంకోసారి అవకాశం ఇస్తారు. పూర్తి గుర్తింపుకు సాధారణంగా జర్మన్ భాషలో బీ2 స్థాయి (పెద్దగా తడబడకుండా మాట్లాడగలిగే స్థాయి) కావాలి.

చివర్లో వచ్చే ‘ఉర్కుండే’ పత్రంతో మీరు అక్కడి పూర్తి స్థాయి నర్సు. ఆ హోదాలో జర్మనీలో 3 ఏళ్లు పనిచేసి, అక్కడి అధికారుల నుంచి ధ్రువీకరణ తీసుకుంటే, మరో ఈయూ దేశంలో గుర్తింపు అడిగేటప్పుడు మీ అర్హతను ఈయూ నిబంధనల కిందే పరిశీలిస్తారు.