డీఎస్‌ఎమ్ నిండా మార్కులే వస్తున్నాయా? ముందు మోడల్ చూసుకోండి

సాఫ్ట్‌వేర్ డిజైన్‌లో తీసుకునే ఒక్కో నిర్ణయాన్ని ఒక వేరియబుల్‌గా రాసి, వాటి మధ్య షరతుల్ని కన్‌స్ట్రెయింట్లుగా ఇస్తే, ఏది మారితే ఏది మార్చాల్సొస్తుందో సాల్వరే (షరతులకి సరిపోయే విలువల్ని వెతికే ప్రోగ్రామ్) లెక్కేసి డిజైన్ స్ట్రక్చర్ మ్యాట్రిక్స్, అదే డీఎస్‌ఎమ్, తీసిస్తుంది. అందులో వరసల్లోనూ కాలమ్‌ల్లోనూ అవే వేరియబుల్స్ ఉంటాయి, కాలమ్‌లోది మారితే వరసలోది మార్చాల్సొస్తే ఆ గడిలో మార్కు పడుతుంది. యువాన్‌ఫాంగ్ త్సాయ్, కెవిన్ సల్లివన్ వాళ్ళు 2000ల్లో డెవలప్ చేసిన పద్ధతి ఇది. రిజల్ట్ తేడాగా వస్తే అందరూ ముందు టూల్‌ని తిడతారు గానీ చాలాసార్లు తప్పు మోడల్‌లోనే ఉంటుంది.

సమస్య: డయాగొనల్‌కి రెండు వైపులా మార్కులే, ఎక్కడా మాడ్యూల్ కనపడదు

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. చిన్న మోడల్ తీసుకోండి: స్టోరేజ్ అనే వేరియబుల్‌కి అర్రే, హ్యాష్, ఇతర అని మూడు విలువలు, సెర్చ్‌కి లీనియర్, హ్యాష్, ఇతర. సెర్చ్ హ్యాష్ అయితే స్టోరేజ్ కూడా హ్యాష్ అవ్వాలి, అంతే షరతు. చూడ్డానికి ఒకవైపే ఉన్నట్టుంది కదా, కానీ రెండూ హ్యాష్‌లో ఉన్నప్పుడు స్టోరేజ్‌ని అర్రే చేస్తే సెర్చ్ మార్చాలి, అర్రే-లీనియర్‌లో ఉన్నప్పుడు సెర్చ్‌ని హ్యాష్ చేస్తే స్టోరేజ్ మార్చాలి, అందుకే సాల్వర్ రెండు గడుల్లోనూ మార్కు పెడుతుంది. లాజిక్‌గా అది కరెక్టే, పాపం దానికి ఎవరి మాట ఎవరు వినాలో మీరు చెప్పలేదు.

పరిష్కారం: పెత్తనం ఎవరిదో విడిగా రాయండి, దీన్నే డామినెన్స్ రిలేషన్ అంటారు. సెర్చ్ కోసం స్టోరేజ్‌ని మార్చకూడదు అని ఒక జత ఇవ్వగానే రెండో మార్కు పోయి, సెర్చ్ వరసలో స్టోరేజ్ కాలమ్ కింద ఒక్కటే మిగుల్తుంది. అలా పెత్తనం చేసే ఇంటర్‌ఫేస్‌ల్లాంటి వాటినే, మాడ్యులారిటీ మీద పుస్తకం రాసిన బాల్డ్విన్, క్లార్క్ డిజైన్ రూల్స్ అన్నారు, వాటిని మ్యాట్రిక్స్‌లో పైకి జరిపితే కింద బ్లాకులు, అంటే మాడ్యూళ్ళు, వాటంతటవే బయటపడతాయి.

సమస్య: సాల్వర్ ఎంతకీ తేలదు

మూడేసి విలువలున్న వేరియబుల్స్ 20 ఉంటే కాంబినేషన్లు 348 కోట్లు దాటతాయి, అన్నీ లెక్కపెట్టమంటే ఏ మెషీనైనా కూర్చుండిపోతుంది. ర్యామ్ పెంచడం దండగ, మోడల్‌ని ముక్కలు చెయ్యండి. పైన రాసిన పెత్తనమే ఇక్కడా పనికొస్తుంది: డిజైన్ రూల్స్‌ని ప్రతి ముక్కలోనూ ఉంచి, వాటి కింద ఒకదానితో ఒకటి సంబంధం లేని గుంపుల్ని విడదీసి, విడివిడిగా సాల్వ్ చేసి డిపెండెన్సీలు కలిపేసుకోవచ్చు. ముక్కకి 7 వేరియబుల్స్ పడితే 2,187 కాంబినేషన్లే, అదేం లెక్క.

సమస్య: ఒక్క సొల్యూషన్ కూడా రాదు

షరతులు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. అల్లాయ్ అనే మోడలింగ్ భాషలో రాస్తే అన్‌శాట్ కోర్ ఇచ్చే సాల్వర్ ఆప్షన్ పెట్టుకోండి, గొడవ పడే లైన్లు చూపిస్తుంది. "ఇతర" అనే విలువ పెట్టడం మర్చిపోయినా కొన్నిసార్లు ఇలాగే అవుతుంది.

సమస్య: డీఎస్‌ఎమ్ శుభ్రంగా ఉంది, కానీ గిట్ లాగ్‌లో (కోడ్ మార్పుల చరిత్రలో) రెండు ఫైళ్ళు ఎప్పుడూ కలిసే మారుతున్నాయి

ఒకదాన్నొకటి కాల్ కూడా చెయ్యవు, అయినా జంటగా మారతాయి. కారణం ఎక్కువగా ఎవరూ రాసిపెట్టని నిర్ణయం, ఒకటి తేదీని ఏ ఫార్మాట్‌లో రాస్తే రెండోది అదే ఫార్మాట్ అనుకుని చదువుతుంది, అలాంటిదన్నమాట. మార్పు వచ్చే అవకాశమున్న నిర్ణయాన్ని ఒక మాడ్యూల్ లోపల దాచమని సాఫ్ట్‌వేర్ పరిశోధకుడు డేవిడ్ పార్నస్ 1972లోనే చెప్పాడు, ఇక్కడ అది రెండు చోట్లకి చిందింది. ఆ ఫార్మాట్‌ని వేరియబుల్‌గా చేర్చి, రెండిటి మీదా దానికి పెత్తనం ఇచ్చి మళ్ళీ రన్ చెయ్యండి, కోడ్‌లో కూడా దానికి ఒక చోటు చూపించండి. ఒక్క జాగ్రత్త, లైసెన్స్ హెడర్ మార్చినవీ ఫార్మాటర్ నడిపినవీ అయిన భారీ కమిట్లు ముందే లెక్కలోంచి తీసేయండి, లేకపోతే ప్రతి ఫైలూ ప్రతి ఫైలుకీ చుట్టమే అవుతుంది.